పనుల ముందువెనుకలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు అరుగు నెక్కి దిగుచున్నవారి నోట మునుపటికంటె నేడు తఱచుగా వినబడు మాట యొకటి కలదు. "తీరిక లేదు; తల నిండిపోయినది" అని. ఆ మాట పలుకువారు సోమరులు కారు. పొలము చేయువాడును, బడికి పోవు పిల్లవాడును, ఇల్లు నడుపు ఇల్లాలును ఒక్క తీరుననే అనుచున్నారు. ఎడ్లు పదిదినములు చేయు దుక్కిని ట్రాక్టరు ఒక పూటలో చేయుచున్నది. వారమునకు చేరు వార్త నిమిషములో చేరుచున్నది. అయినను తీరిక పెరుగలేదు. చేతిపని తగ్గినకొలది తలపని పెరిగినదనుట సత్యమునకు దగ్గఱ. కావున ఈ పూట విషయము వేదాంతము కాదు. పది పనులు ఒక్కమాఱు మీద బడినపుడు ఏది ముందు, ఏది వెనుక అను విచారము మాత్రమే.

ఒక రైతు కథతో మొదలిడుట మేలు. ఊరు పేరుతో పనిలేదు. అట్టివాడు ప్రతి యూరను కలడు. ఆషాఢమాసము, తొలకరి పడినది. ఆయన ఉదయముననే పొలమునకు బయలుదేఱెను. దారిలో మోటారు స్టార్టరు చెడిన సంగతి జ్ఞప్తికి వచ్చి మెకానిక్కుకొఱకు మరల ఊరిలోనికి వచ్చెను. దుకాణము ముందు నిలిచియుండగా, కుమారుని కళాశాల రుసుమునకు నేడే కడపటి దినమని యింటినుండి ఫోను వచ్చెను. బ్యాంకునకు పోయెను. అక్కడ వరుసలో నిలిచినపుడు నారుమడికి నీరు పెట్టలేదని మనసు పొలమునకు పరుగెత్తెను. మనసు వెంట మనిషియు పరుగెత్తెను. సాయంకాలమునకు స్టార్టరు బాగుపడలేదు, రుసుము కట్టబడలేదు, నారుమడి సగము తడిసినది. రాత్రి పండుకొన్న పిమ్మట తలపునకు వచ్చినది: పంట ఋణము తీర్చి తిరుగ వ్రాయించుకొను గడువు ఆ దినముతోనే ముగిసినది! బ్యాంకులో అంతసేపు నిలిచియు ఆ మాట స్ఫురింపలేదు. మూడు లక్షల రూపాయలలోపు పంట ఋణమును గడువులోపల తీర్చిన రైతునకు కేంద్రప్రభుత్వ పథకము క్రింద 3 శాతము వడ్డీ తగ్గును. లక్షకు ఏడాదికి 3,000 రూపాయలు. ఆయన దినమంతయు చెమటోడ్చి ఆ సొమ్మును పోగొట్టుకొనెను. అరుగుమీద కూర్చుండి పోగొట్టుకొన్నచో అంత బాధ యుండకపోవును.

తనకు మతిమఱపు వచ్చినదని ఆయన అనుకొనెను. బాదముపప్పు తినుమని పొరుగువారు చెప్పిరి. బాదముపప్పు మంచిదే, కాని దాని ధర విన్నచో ఉన్న మతియు పోవును. నిజమునకు ఆయన జ్ఞాపకశక్తికి ఏ లోపమును లేదు. అది మోయగల బరువునకు మించి మోయింపబడినది, అంతియే.

మనసు ఒక్కమాఱు ఎంత మోయగలదను ప్రశ్నను శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూచిరి. 1956లో జార్జి మిల్లరు అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు ప్రకటించిన వ్యాసము ప్రసిద్ధమైనది. మనుష్యుడు ఒక్కతూరి విని వెంటనే ఒప్పజెప్పగల విషయములు సుమారు ఏడని అందు చూపబడినది. 2001లో నెల్సన్ కవన్ అను పండితుడు ఆ లెక్కను తిరుగ సరిచూచి, విషయములను జట్లుగా కూర్చుకొను ఉపాయము లేనిచో ఆ సంఖ్య నాలుగు దరిదాపులనే యుండునని తేల్చెను. నాలుగు! రైతు ఆ ఉదయము మోయుచున్నవి పదునేడు.

అట్లయిన అష్టావధానులు ఎట్లు చేయుచున్నారను సందేహము తెలుగువారికి సహజము. అవధానమును శ్రద్ధతో చూచినవారు ఒక సంగతి గమనించియే యుందురు. అవధాని ఎనిమిది పనులను ఒక్క క్షణమున చేయడు. సమస్య యిచ్చిన పృచ్ఛకునకు ఒక పాదము చెప్పి, దానిని అక్కడ నిలిపి, దత్తపది యిచ్చిన వానికడకు పోవును. వానికొక పాదము. పిమ్మట వర్ణన యడిగినవాడు. ఇట్లు నాలుగు ఆవృత్తములలో పద్యములు పూర్తియగును. ఏ క్షణమున చూచినను ఆయన యెదుట నున్నది ఒక్క పాదమే. విడిచిన పాదమును గణములును యతిప్రాసలును పట్టి యుంచును. అది ఆయనకు జట్టు కూర్చుకొను ఉపాయము. నడుమ అప్రస్తుతప్రసంగి యుండును. అడ్డుపడుటయే వాని పని. అవధానిగారి యింట నిన్న ఏమి కూర యని యడుగును. అవధాని సభ నవ్వునట్లు ఒక మాట చెప్పి మరల పాదమునకు వచ్చును. కూరల చర్చలోనికి దిగడు. నేడు ప్రతివాని జేబులోను ఒక అప్రస్తుతప్రసంగి చేరియున్నాడు. గంటలు మ్రోగించు వాని పనియు వాడే చేయుచున్నాడు. సాధనలేని గృహస్థుడు వానికి సమాధానము చెప్పుచునే పద్యము పూర్తిచేయబూనుచున్నాడు.

ఇంక, చేయక విడిచిన పని మనసులో ఏమగును? 1927లో బ్లూమా జైగార్నిక్ అను విదుషి బెర్లినునందు తాను చేసిన పరీక్షలను ప్రకటించెను. కొందఱికి చిన్న చిన్న పనులు ఇరువది వఱకు ఇచ్చి, సగము పనులను పూర్తిచేయనిచ్చి, తక్కిన సగమును నడుమ ఆపించెను. తరువాత ఏయే పనులు జ్ఞప్తియందున్నవని యడుగగా, ముగిసిన వానికంటె ఆగిపోయినవియే వారికి ఎక్కువగా గుర్తుండినవి. తరువాతివారి పరీక్షలలో ఈ ఫలితము అన్నివేళల ఒక్క తీరున రాలేదు. అయినను సగములో విడిచిన పని అప్పులవానివలె వాకిట నిలిచి పిలుచుచుండుననుట అందఱి అనుభవమే.

అప్పంతయు తీర్చుటకు చేతిలో రొక్కము లేనపుడు తెలిసినవాడు ఏమి చేయును? ఫలానా నాడు ఇంత యిత్తునని గడువు చెప్పి పత్రము వ్రాసి యిచ్చును. అప్పులవాడు మెట్లు దిగి పోవును. మనసును అట్లే పోవునని 2011లో మాసికాంపో, బౌమైస్టరు అను ఇద్దఱు పరిశోధకులు చూపిరి. పని చేయకున్నను, దానిని ఎప్పుడు, ఎట్లు చేయునది స్పష్టముగా నిర్ణయించుకొన్నవారికి ఆ తలపు ఇతరకార్యముల నడుమ అడ్డురాలేదు. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయమున 57 మందిపై జరిపి 2018లో ప్రకటించిన పరీక్ష ఇంకను ముచ్చటైనది. నిద్రకు ముందు అయిదు నిమిషములు కొందఱిచేత రాబోవు దినముల పనులను, తక్కినవారిచేత చేసి ముగించిన పనులను వ్రాయించిరి. రాబోవు పనులు వ్రాసినవారు ముందుగా నిద్రించిరి. ఎంత వివరముగా వ్రాసిన అంత త్వరగా కనులు మూతపడినవి.

ఇది మన పెద్దలకు తెలియని సంగతి కాదు. కొంగున ముడి వేసికొను ఆడువారిని చూడనివారు లేరు. ఆ ముడి తలలోని పనిని కొంగునకు దింపును, తల తేలికపడును. కాని కొంగునకు ఒక్క ముడియే చెల్లును. ఏడు ముడులు వేసినచో ఏ ముడి దేనికని మరల తలయే మోయవలెను. అందులకే వ్రాత. వర్తకుల దుకాణములో రెండు పుస్తకములుండును, చిట్టాయు ఆవర్జాయు. చిట్టాలో వచ్చినది వచ్చిన వరుసనే పడును: ఉప్పు అమ్మిన పద్దు ప్రక్కన పెండ్లికి తెచ్చిన అప్పు పద్దు. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట గుమాస్తా ఆ పద్దులను ఆవర్జాలో పేరుపేరున ఖాతాలకు ఎక్కించును. ఎవరు ఎంత బాకీ, ఎవరిని ముందు అడుగవలె ననునది ఆవర్జా చూచిన తెలియును గాని చిట్టా చూచిన తెలియదు. పాపము, మనుష్యుని చిత్తము చిట్టా మాత్రమే. పనులను అది వచ్చిన వరుసనే చూపును. కడపట వచ్చినదానిని అన్నిటికంటె పెద్దగా చూపును. ఆవర్జాను చేతితో వ్రాసికొనవలసినదే. గ్రంథాలయమున పుస్తకముల పట్టిక వ్రాసి యుంచుటయు ఇందులకే గదా. వేయి పుస్తకములు ఏ బీరువాలో నున్నవో గ్రంథపాలకుడు తలలో మోయనక్కఱలేదు. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయసూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును కాపాడుమనుటయే.

వ్రాసినంత మాత్రమున వరుస తేలదు. పదునేడు పనులు కాగితము మీదికి వచ్చిన పిమ్మట ఏది ముందు? ఈ ప్రశ్నకు చక్కని సమాధానము కౌటిలీయార్థశాస్త్రమున కలదు. చాలకాలము పేరు మాత్రమే వినబడిన ఆ గ్రంథమును మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునుండి శ్యామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించి లోకమునకు అందించిరి. అందు రాజు దినచర్య చెప్పబడినది. పగలు ఎనిమిది భాగములు, రాత్రి ఎనిమిది భాగములు, ఒక్కొక్కటి గంటన్నర. పగటి మొదటి భాగమున రక్షణవ్యవస్థయు ఆయవ్యయముల విచారణయు; రెండవదాన పౌరజానపదుల మొఱలు; మూడవదాన స్నానభోజనములును చదువును. ఆఱవదానిని రాజు తన ఇచ్చవచ్చినట్లు గడుపవచ్చును. చక్రవర్తికి సైతము గంటన్నర తీరికను నియమించిన శాస్త్రకారుని దయ మెచ్చదగినది. తన శక్తినిబట్టి ఈ విభాగమును మార్చుకొనవచ్చుననియు ఆయనయే చెప్పెను.

అంతకంటె ముఖ్యమైనది మొఱలు వినుటకు ఆయన విధించిన క్రమము. దేవతాకార్యములు, తాపసులు, శ్రోత్రియులు, పశువులు, బాలురు, వృద్ధులు, రోగులు, ఆపన్నులు, అనాథలు, స్త్రీలు అని యొక వరుస చెప్పి, వెంటనే దానికి సవరణ చేసెను: లేదా కార్యగౌరవమునుబట్టి, లేదా ఆత్యయికతనుబట్టి. కార్యగౌరవమనగా పని యొక్క బరువు. ఆత్యయికమనగా ఆలసించిన చెడునది. ఈ రెండును వేఱువేఱని ఆయన గుర్తించుటలోనే ఉన్నది తెలివి. 1954లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరు ఒక ప్రసంగమున ఈ భేదమునే ఒక కళాశాల పూర్వాధ్యక్షుని మాటగా చెప్పగా, దానిపై ఆ దేశమున గ్రంథములే పుట్టినవి.

పల్లెలో ఈ భేదమునకు ఉదాహరణము వెదకనక్కఱలేదు. వేసవిలో చెఱువు తూము పగిలియుండును, బోదె పూడియుండును. అప్పుడు ఎవ్వడును కేకలు వేయడు, చెఱువులో నీరు లేదు గనుక. బరువైన పని; తొందఱ లేని పని. అందుచేత వైశాఖము పెండ్లిండ్లలో గడచును, జ్యేష్ఠము విత్తనముల తిరుగుడులో గడచును. శ్రావణమున వాన పడి గట్టునకు గండి పడినపుడు ఊరంతయు ఇసుక బస్తాలతో అర్ధరాత్రి పరుగెత్తును. ఆ రాత్రి ఆ పని నిజముగా ఆత్యయికమే. కాని దానిని ఆత్యయికముగా చేసినది వైశాఖమాసము. తండ్రి పేరనున్న భూమిని కుమారుల పేర మార్పించుకొనుట, రక్తపుపోటు మందు తప్పక వేసికొనుట, ఇంటి కరెంటు తీగలు చూపించుకొనుట — ఇవన్నియు వైశాఖపు తూములే. అవి కేకలు వేయవు. ఫోను కేకలు వేయును. దినమునకు ఒక్క తూము పనియైన పట్టికలో మొదట వ్రాయువానికి శ్రావణమున ఇసుక బస్తాలు తగ్గును.

తొందఱపడుటయే కార్యదక్షత యను భ్రమయు కూడదు. శాంతిపర్వమున చిరకారి కథ యున్నది. కోపమున తండ్రి తల్లిని చంపుమని ఆజ్ఞాపించి వెళ్ళగా, చిరకారి తన స్వభావముచొప్పున ఆలోచించుచు కూర్చుండెను. తండ్రి పశ్చాత్తాపముతో పరుగున వచ్చునప్పటికి తల్లి బ్రదికి యున్నది. కోపమున చేయదలచిన పనులను పట్టికలో కడపట వ్రాయుట మేలు.

వరుస పెట్టుకొనుట ఒక యెత్తు. దారిలో ఎదురగు వానితో నడచుకొనుట మఱియొక యెత్తు. ఇందులకు సుందరకాండమును మించిన పాఠము లేదు. హనుమంతుడు సముద్రముపై పోవుచుండగా మొదట మైనాకుడు లేచెను. మిత్రుడు, ఆతిథ్యమిచ్చువాడు. హనుమంతుడు ఆయనను చేతితో తాకి, కాలము మించుచున్నది, నడుమ నిలువనని మాట యిచ్చితినని చెప్పి సాగిపోయెను. కసరుకొనలేదు, కూర్చుండనులేదు. పిమ్మట సురస. ఆమె నోట ప్రవేశింపక తప్పదన్నది. కడకు సూక్ష్మరూపమున లోనికి పోయి వెలికి వచ్చి ఆమె మాటయు నిలిపెను. మూడవది సింహిక, నీడను పట్టి లాగునది. దానిని చంపెను. ముగ్గుఱికి మూడు మర్యాదలు. కాఫీకి పిలిచిన స్నేహితుడు మైనాకుడు. తప్పనిసరి సంతకములు, దరఖాస్తులు సురస. వానిముందు పెద్దగా పెరిగి ప్రయోజనము లేదు, చిన్నగా దూరి బయటపడవలెను. కనబడకుండ నీడను పట్టి గంటలు మ్రింగునది ఏదో ఎవరికివారు ఎఱుగుదురు.

పనులు కలుపుకొను నేర్పును అక్కడనే యున్నది. సీతాదర్శనమైనది, చూడామణి చేతికి వచ్చినది. అప్పుడే హనుమంతుడు శత్రుబలమును కూడ తెలిసికొని పోవుదునని తలచెను. అప్పగించిన పనికి చెఱుపు రాకుండ ఇతరకార్యములను సాధించువాడే కార్యమునకు తగినవాడని ఆయన భావము. ముందుగా లంకను కాల్చి పిమ్మట సీతను వెదకబోలేదు. బ్యాంకునకు పోయినవాడు రుసుమును ఋణమును ఒక్క త్రోవన ముగించుకొనుట ఇట్టిదే. కాని అందులకు ఆ రెండు పద్దులును బయలుదేఱుటకు ముందే ఒక్క కాగితమున ఉండవలెను.

ఇంతవఱకు చెప్పినదంతయు పురుషుల తీరికలేమి. ఇంటిలో అంతకంటె పెద్ద చిట్టా యొకటి నడచుచున్నది. దానిని ఎవ్వరును చూడరు. పాలకు తోడు వేయుట, రేపటి పప్పు నానవేయుట, గ్యాసు బండ ఎన్నినాళ్లు వచ్చునో ఊహించుట, అత్తగారి మాత్రలు, పిల్లవాని పరీక్ష తేది, ఆడపడుచు ఇంటి శుభకార్యము — వీనిలో చేయుట కొంత, తలచుకొనియుండుట ఎక్కువ. చేయుటలో సాయపడు భర్తలు నేడు కొందఱు కలరు; సంతోషము. కాని వారు "చెప్పినచో చేయనా?" అందురు. చెప్పుటయే ఒక పని యని వారికి తోచదు. ఎప్పుడు, ఏది, ఎవరికి చెప్పవలెనో జ్ఞప్తి యుంచుకొనువారు పనిని దింపుకొనలేదు. ఒక యింట వంటగది తలుపు వెనుక పిల్లల పాతపలక వ్రేలాడదీయబడినది. ఇంటిలో ఎవరికి ఏది తోచినను దానిపై వ్రాయవలెను. ఎవరు చేసిన వారు తుడువవలెను. గ్యాసు బండ సంగతి భర్త వంతు; ఆమె అడుగదు, ఆయన మఱచిన నాడు ఇంటిల్లిపాదికి అటుకులే. రెండుసార్లు అటుకులు తిన్నపిమ్మట మఱపు తగ్గినదట.

పట్టికలకు లొంగని బరువులును కలవు. నెలల తరబడి నిద్రలేమి, దేనియందును ఇచ్ఛ లేకుండుట, బ్రదుకుమీద విసుగు — ఇవి పనుల వరుస తప్పుటవలన వచ్చినవి కావు, వ్యాధులు. జ్వరమునకు పట్టిక వ్రాయము గదా. వైద్యుని చూడవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ అను ప్రభుత్వసేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసిన ఉచితముగా సలహా దొరకును. ఆ సంఖ్యను గ్రంథాలయపు గోడమీద వ్రాయించుట మంచిది.

ఆ రైతు కథ మిగిలినది. వడ్డీ రాయితీ పోయిన మఱునాటి రాత్రి ఆయన పాత క్యాలెండరు వెనుక పనులన్నియు వ్రాసెను. పదునాఱు వ్రాసి కలము ఆపెను. పదునేడవది అన్నగారితో ఉమ్మడి బోరు మాట. రెండేండ్లుగా అది తలలోనే కలదు. తక్కిన పదునాఱింటి హడావుడి దానిని కప్పియుంచినది. ఒకవేళ కప్పుటకే అంత హడావుడియు అవసరమైనదేమో.

ఉద్యోగపర్వమున ధృతరాష్ట్రునకు ఒక రాత్రి నిద్ర పట్టలేదు. పాండవుల కడనుండి సంజయుడు తిరిగి వచ్చి, రాజును నిందించి, ధర్మరాజు సందేశమును రేపు సభలో చెప్పెదనని పోయి పండుకొనెను. ఆ తెలియని మాట రాజును కాల్చినది. విదురుని పిలిపించెను. విదురుడు రాత్రియంతయు నీతులు చెప్పెను. లోకములో అంతకంటె మంచి నీతులు లేవు. పిమ్మట సనత్సుజాతుడు వచ్చి బ్రహ్మవిద్య చెప్పెను. రాజు అన్నియు వినెను, అన్నియు మెచ్చెను. చేయవలసినది మాత్రము ఒక్కటే: పాండవుల భాగము పాండవులకు ఇచ్చుట. విదురుని మాట విన్నపుడెల్ల తన బుద్ధి అటే పోవుననియు, దుర్యోధనుని చూడగానే మరలుననియు ఆయనయే ఒప్పుకొనెను. ధర్మరాజు సంజయునితో పంపిన మాటలలో కడపటిది అయిదు ఊళ్లయినను ఇమ్మనుట. తెల్లవాఱినది. సభ తీరినది. సంజయుడు వచ్చి చెప్పవలసినది చెప్పెను. ఆ ఒక్క పని అట్లే నిలిచియుండినది.

రైతు మాత్రము పదునేడవ పద్దును వ్రాసి, దాని ప్రక్కన "ఆదివారము, సాయంకాలము" అని చేర్చెను. ఆదివారము అన్నగారి యింటికి పోయెను. బోరు మాట ఆనాడు తేలలేదు. వదినగారిచ్చిన కాఫీ త్రాగి, మరల వచ్చెదనని చెప్పి లేచెను. "తరువాతి వారము పెద్ద అల్లుడు వచ్చును, అప్పుడు కూర్చుందము" అని అన్నగారు వాకిటివఱకు వచ్చిరి. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టినది.